మోటారు డ్రైవులో పొంతన తప్పిన భాగములు



మోటారు వేగమును వలసినట్లు మార్చు డ్రైవు నేటి ప్రసంగవిషయము. దీనినే వి.ఎఫ్.డి. యందురు. బియ్యపుమిల్లులలోను, ఎత్తిపోతల పంపులయొద్దను, సోలారు పంపులయొద్దను ఇప్పుడిది కనబడుచున్నది. ఒకప్పు డిది మోటారును కదల్పక, తన యద్దముపై "హార్డువేరు మిస్‌మ్యాచ్" అను తప్పును చూపును. లోపలి భాగములకు ఒకదానితో నొకటికి పొంతన కుదరలేదని దీని యర్థము. మోటారు కాలినదని కాదు. కాని నిదానము తెలియక చికిత్సకు దిగినచో మోటారు కాలును. ఒక్కొక్కప్పుడు మనుష్యుని ప్రాణమే పోవును.

ముందు దీని పని యెఱుగవలెను. మనకు వచ్చు కరెంటు సెకనునకు 50 ఆవర్తనములు గలది. నాలుగు ధ్రువముల మోటారు దానిచే నిమిషమునకు 1500 చుట్లకు కొంచెము తక్కువగా తిరుగును. 40 ఆవర్తనములే యిచ్చినచో 1200కు లోబడి తిరుగును. డ్రైవు వచ్చిన కరెంటును ఏకముఖముగా మార్చి, కెపాసిటర్లలో నిలిపి, మరల కోరిన ఆవర్తనములుగా తునియలుచేసి మోటారున కిచ్చును. 415 వోల్టుల లైనుపై ఆ కెపాసిటర్లలో సుమారు 587 వోల్టులు నిలుచును.

లోపల ముఖ్యముగా రెండు బోర్డులుండును. బరువు మోయునది పవరుబోర్డు. ఆజ్ఞ యిచ్చునది కంట్రోలుబోర్డు. పోవుచున్న కరెంటును పవరుబోర్డు ఒక చిన్న సంకేతముగా తెలుపును. కంట్రోలుబోర్డు దానిని ఆంపియర్లుగా లెక్కించును. చిన్న డ్రైవుయొక్క కంట్రోలుబోర్డును పెద్దదానిలో పెట్టినచో 30 ఆంపియర్లు పోవుచుండగా 10 అని తలచును. మానికతో కొలిచి సోలలని వ్రాసికొన్నచో గాదె యెంత తరిగినదియు తెలియదు గదా! అట్లే మోటారు కాలుచున్నను కాపుదల మేల్కొనదు. అందుచేతనే డ్రైవు కరెంటు రాగానే రెండుబోర్డుల గుర్తులను పోల్చి, సరిపడనిచో కదలనని మొండికెత్తును. ఆ మొండితనము మన మేలునకే.

నేనెఱిగిన యొక మిల్లులో చెడిన బోర్డునకు బదులు పాత డ్రైవులోని బోర్డు బిగించిరి. కంపెనీ యొకటే, రూపము నొకటే; శక్తి మాత్రము వేఱు. కోతల కాలమగుటచే యజమాని "ఎట్లయినను తిప్పు" మనెను. మెకానిక్కు ఒప్పుకొనక రెండుదినములు వేచి తగిన బోర్డు తెప్పించెను. రెండుదినముల నష్టముతో మోటారు దక్కినది.

పరీక్షాక్రమ మిది. మొదట అద్దముపై తోచిన గుర్తును చెఱపకముందే వ్రాసికొనవలెను. పిదప, చక్కగా తిరిగిన నాటినుండి ఏమి మార్చితిరని యడుగవలెను; తగవెల్ల సాధారణముగా నచ్చటనే తేలును. తరువాత మెయిను తీసి, మూతపై వ్రాసినంతసేపు, కనీసము పది నిమిషములైనను ఆగవలెను. కరెంటు తీసినను కెపాసిటర్లలో నున్నది వెంటనే పోదు. వోల్టులు లేవని మీటరుతో చూచినగాని చేయి పెట్టరాదు.

అటుపై బోర్డుల నడుమనున్న పట్టీతీగను చూడవలెను. తవుడు, తేమ చేరియో, సరిగా కూర్చుండకయో, గుర్తు అందక పోవచ్చును. అది బాగున్నచో బోర్డుల నంబర్లను డ్రైవు నేంప్లేటుతో సరిపోల్చవలెను. క్రొత్తగా చేర్చిన అదనపు కార్డును లోపలి ప్రోగ్రాము గుర్తింపకున్నను ఇదే తప్పు రావచ్చును. అట్టిదానిని కరెంటు తీసి విప్పి చూడవలెను. బోర్డు తగినదే యైనచో దాని శక్తిని కంపెనీ చెప్పిన విధముననే నమోదు చేయింపవలెను. నోరు మూయించుటకై తప్పు సంఖ్య వేయుట కూడదు.

డ్రైవునకును మోటారునకును గూడ పొంతన కావలెను. హార్సుపవరు నొక్కటే చూచి కొనరాదు. బోరుబావిలో దింపు మోటారు అదే హార్సుపవరు గల బయటి మోటారుకంటె సాధారణముగా ఎక్కువ ఆంపియర్లు తీసికొనును. కావున ఆంపియర్లనుబట్టి డ్రైవు నెన్నుకొనవలెను.

పెద్దలారా, మీరు డ్రైవును విప్పనక్కఱలేదు. మోటారుమీదను డ్రైవుమీదను గల నేంప్లేటులను నేడే చదివి, వోల్టులు, ఆంపియర్లు, నంబరు ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. ఎవరు ఏ బోర్డు ఏనాడు మార్చిరో దానిక్రింద చేర్చుడు. మెకానిక్కు వచ్చిననాడు ఆ పుటయే సగము చికిత్స.