టీకా తరువాత, టీకా వలన

అనంతపురం మెట్టభూములలో ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. ఆరుద్ర కార్తె దాటినను చినుకు రాలని యేట పల్లెలలో కప్పల పెండ్లి చేయుట మనమెరిగినదే. మరునాడు వాన కురిసినచో, పెండ్లి వలననే కురిసినదందుము. ఆ మాట నిజమో కాదో తేల్చవలెనన్న నాలుగు లెక్కలు కావలెను. పెండ్లి చేయగా వాన పడిన ఊళ్లెన్ని? చేసినను పడని ఊళ్లెన్ని? చేయకున్నను పడినవెన్ని? చేయనివి, పడనివి ఎన్ని? మొదటి లెక్క మన నోళ్లలో నిలుచును. తక్కిన మూడింటిని మరచిపోవుదుము.

టీకాల విషయమును ఇట్టిదే. టీకా వేయించిన మూడవనాడు బిడ్డకు మూర్ఛ వచ్చినచో తల్లి అనుమానించుట తప్పు కాదు. ఆ అనుమానమే పరిశీలనకు మొదటి మెట్టు. అయితే "టీకా తరువాత" అను మాటకును "టీకా వలన" అను మాటకును నడుమ చాల దూరము కలదు. ఔషధ నియంత్రణాధికారులు ఆ దూరమును ఎట్లు నడతురో చూతము.

మరణము, ఆసుపత్రిలో చేర్చవలసిన జబ్బు, అంగవైకల్యము, ఒకేచోట పలువురికి కలిగిన అస్వస్థత, ఇవి తీవ్రమైనవి. ఆరోగ్య కార్యకర్త గాని వైద్యుడు గాని వీటిని వెంటనే జిల్లా అధికారులకు తెలుపవలెను. విచారణకు వచ్చినవారు మందు ఏ బ్యాచిదో, ఎంత చల్లదనములో ఉంచిరో, సీసా ఎప్పుడు తెరచిరో అడుగుదురు. అదే సీసాలోని మందు వేయించుకొన్న తక్కిన పిల్లలెట్లున్నారో చూతురు. బిడ్డకు ముందునుండి ఉన్న జబ్బులను వ్రాసికొందురు. తరువాత నిపుణుల సంఘము తన నిర్ణయము చెప్పును: టీకా గుణము వలన కలిగినదా, మందు నాణ్యతా లోపమా, వేయుటలో జరిగిన పొరపాటా, సూది భయము వలన కలిగిన కళవళమా, లేక కాకతాళీయమా? ఆధారములు చాలనిచో చాలలేదనియే వ్రాయుదురు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా ఉదంతము ఇందుకు సాక్ష్యము. 2009 జూలైలో అచట గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరును నివారించు టీకాను సుమారు 14 వేలమంది బాలికలకు వేయసాగిరి. గుజరాతులోను ఇట్టి కార్యక్రమమే నడచినది. రెండుచోట్ల కలిపి ఏడుగురు బాలికలు మరణించినట్లు తెలియగా, 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేసిరి. విచారణ సంఘము ఒక్కొక్క మరణమును విడివిడిగా పరిశీలించినది. ఒక బాలిక నీట మునిగినది. ఒకతెను పాము కరచినది. ఇద్దరు పురుగుమందు త్రాగిరి. ఒకతె మలేరియా ముదిరి మరణించినది. తక్కిన ఇద్దరి విషయమున కారణము అంత స్పష్టము కాలేదు. మరణములకు టీకాతో సంబంధము కానరాలేదని సంఘము 2011లో తేల్చినది. అయినను అధికారులు నిర్దోషులై బయటపడలేదు. పలుచోట్ల తల్లిదండ్రులకు మారుగా వసతిగృహపు పెద్దలు అంగీకార పత్రములపై సంతకములు చేసిరని తెలిసినది. అనర్థములను నమోదు చేయు ఏర్పాటు సరిగా లేదని 2013లో పార్లమెంటు సంఘము తప్పుపట్టినది.

అనుమానము నిజమైన సందర్భములును గలవు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన రోటా విరేచనముల టీకా తరువాత, కొందరు శిశువులకు పేగు పేగులోనికి చొచ్చుకొనిపోయినది. మరుసటి యేటికి వచ్చినవి పదునైదు నివేదికలే. అధికారులు ఆ టీకాను ఆపించి, వేయించుకొన్న శిశువులను, వేయించుకొననివారిని పోల్చి లెక్కతీయగా, సుమారు పదివేలమందిలో ఒకరికి ఆ ముప్పు కలదని తేలినది. 1999 అక్టోబరులో ఆ టీకాను ఉపసంహరించిరి. ఆ పాఠము మనకును ఉపకరించినది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రములలో వేరొక రోటా టీకాను ప్రవేశపెట్టినప్పుడు, దేశములోని 27 ఆసుపత్రులలో ఈ జబ్బునే వెదకి లెక్కించిరి. ముప్పు పెరిగినట్లు కనబడలేదు.

కాబట్టి బిడ్డ టీకా కార్డును భద్రపరచుకొనుడు. అనుమానము కలిగినచో రచ్చబండకు చెప్పుటకు ముందు ఆరోగ్య కేంద్రములో వ్రాయించుడు. వ్రాయించని అనుమానము పుకారై తిరుగును. దానికి జడిసి టీకా మానిన ఇంట తట్టు సోకవచ్చును. భారత ఔషధ నిఘా కార్యక్రమము వారి ఉచిత టెలిఫోను సంఖ్య 1800 180 3024కు మనమే చెప్పుకొనవచ్చును.