నిషేధం దాటి వచ్చిన భేరి

కెనడా రాజధాని ఒట్టావాలో 2007 ప్రాంతంలో కొందరు ఆదివాసీ యువకులు ఒక నృత్యశాలలో శనివారం రాత్రి సంగీత కార్యక్రమాలు నిర్వహించసాగారు. చదువు కోసమో, ఉద్యోగం కోసమో సొంత ఊళ్ళను వదలి నగరానికి వచ్చిన ఆదివాసీ యువజనులు ఒకచోట కలుసుకోవాలన్నది వారి ఉద్దేశం. ఈ కార్యక్రమానికి 'ఎలక్ట్రిక్ పౌవౌ' అని పేరు పెట్టారు. ఉత్తర అమెరికా ఆదివాసులు ఆటపాటలతో జరుపుకునే జాతరను పౌవౌ అంటారు. ఆ జాతరలో మోగే పెద్ద భేరీ నాదాన్ని నేటి ఎలక్ట్రానిక్ నృత్య సంగీతంతో మేళవించడం అక్కడి ప్రత్యేకత. 'ఎ ట్రైబ్ కాల్డ్ రెడ్' అనే బృందం పేరు ఈ సభలతోనే వ్యాపించినది. కయూగా జాతికి చెందిన బేర్ విట్నెస్, ఓజిబ్వే జాతికి చెందిన ఇయాన్ కాంపో దాని స్థాపకులు. కాలక్రమంలో సభ్యులు మారారు. 2021లో బృందం 'ది హలూసి నేషన్' అనే కొత్త పేరు స్వీకరించినది.

ఆదివాసుల భేరి నగరం నడిబొడ్డున మోగడం ఎందుకంత విశేషమో తెలియాలంటే కొంత చరిత్ర తెలుసుకోవాలి.

శాసనం విధించిన మౌనం

కెనడా ప్రభుత్వం 1884లో ఆదివాసులకు సంబంధించిన చట్టాన్ని సవరించి, పసిఫిక్ తీరవాసులు జరుపుకునే 'పొట్లాచ్' అనే దాన మహోత్సవాన్ని నేరంగా ప్రకటించినది. 1895లో ఈ నిషేధం మరికొన్ని వేడుకలకు విస్తరించినది. పశ్చిమ రాష్ట్రాల ఆదివాసులు అనుమతి లేకుండా తమ ప్రాంతం వెలుపల నృత్యాలలో పాల్గొనరాదని 1914లో మరొక నిబంధన వచ్చినది. ఇవి 1951 వరకు తొలగలేదు. మరొకవైపు, దాదాపు 1,50,000 మంది పిల్లలను వసతి పాఠశాలలకు తరలించారు. అక్కడ మాతృభాష మాట్లాడిన పిల్లలను శిక్షించేవారు. ఈ విధానాన్ని విచారించిన జాతీయ సంఘం 2015లో దానిని 'సాంస్కృతిక సంహారం'గా అభివర్ణించినది.

తాత నోట మనవడు పాట నేర్చుకునే దారి ఈ విధంగా అనేక కుటుంబాలలో తెగిపోయినది. అందువల్లనే, నగరంలో పెరిగిన మనవడు తనకు తెలిసిన యంత్రాల ద్వారా ఆ పాటను తిరిగి అందుకోవడం అంత ముఖ్యమైనది.

రెండు లయల కలయిక

కొయ్య చట్రానికి తోలు బిగించి చేసిన పౌవౌ భేరి చుట్టూ గాయకులు కూర్చుని, అందరూ ఒకే దెబ్బగా కర్రలతో మోగిస్తారు. ముఖ్య గాయకుడు తారస్థాయిలో ఎత్తుకున్న పాటను తక్కినవారు అందుకుంటారు. చాలా పాటలలో మన తిల్లానాలోని జతుల వలె, నిఘంటువుకు అందని అక్షరాలే ఉంటాయి. కాబట్టి వేర్వేరు భాషల తెగలవారు ఒకే భేరి చుట్టూ చేరి గొంతు కలపగలరు. అనువాదకునితో పనిలేని గానమది!

ఎలక్ట్రానిక్ నృత్య సంగీతానికి కూడా క్రమం తప్పని దెబ్బే ఆధారం. సాధారణంగా నిమిషానికి 120 నుంచి 140 దెబ్బలు పడతాయి. రికార్డు చేసిన పాట నుంచి ఒక భాగాన్ని తీసి, వేగం సవరించి, కొత్త రచనలో పొదగడాన్ని 'శాంప్లింగ్' అంటారు. మనుషుల లయ ఉత్సాహాన్ని బట్టి కాస్త ముందు వెనుకలవుతుంది. యంత్రపు లయ మారదు. ఈ రెండింటినీ సరిపుచ్చి, భేరికి మంద్రనాదాన్ని జోడిస్తూనే గాయకుల కంఠాన్ని మరుగున పడనీయకుండా నిలపడంలో కళాకారుల నేర్పు కనిపిస్తుంది.

పాట ఎవరిది?

ఈ శాంప్లింగ్ అన్యాయానికి కూడా దారితీయగలదు. సాలమన్ దీవులలోని మలైటాలో అఫునక్వా అనే స్త్రీ పాడిన జోలపాటను 1970 ప్రాంతంలో ఒక సంగీత పరిశోధకుడు రికార్డు చేశాడు. 1992లో 'డీప్ ఫారెస్ట్' అనే ఫ్రెంచి బృందం ఆ గానాన్ని తన నృత్య సంగీతంలో వాడుకున్నది. పాట దేశదేశాలలో మారుమోగినది. గాయని పేరు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

ఒట్టావా బృందం నడక వేరు. 2013లో వెలువడిన 'నేషన్ టు నేషన్' ఆల్బమ్‌లో బ్లాక్ బేర్, నార్తర్న్ వాయిస్ వంటి పౌవౌ గాయక బృందాల పేర్లు పాటల పక్కనే ఉన్నాయి. పవిత్ర విధులకు చెందిన గానాన్ని వదలి, జాతరలో అందరి ఎదుట పాడేవాటినే ఈ కళాకారులు ఎంచుకున్నారు. ఆదివాసులు కానివారు ఈకల కిరీటాలు ధరించి తమ కచేరీలకు రావద్దని కూడా వారు విజ్ఞప్తి చేశారు. 2014లో కెనడా వారి జూనో పురస్కారాలలో, ఆదివాసులకు కేటాయించిన విభాగంలో కాక, అందరూ పోటీపడే విభాగంలో ఈ బృందం ఉత్తమ వర్ధమాన బృందంగా ఎన్నికైనది.

మన దేశంలో మణిపూర్‌కు చెందిన తాంగ్‌ఖుల్ నాగా కళాకారుడు రూబెన్ మషాంగ్వా ఇటువంటి కృషినే మరొక మార్గంలో చేశారు. టింగ్‌టెయిలా అనే తంత్రీవాద్యాన్ని, యాంకహుయి అనే పొడవైన వేణువును పాశ్చాత్య స్వరక్రమానికి సరిపడేటట్లు ఆయన సవరించారు. నాగా జానపదాన్ని గిటారుతో, బ్లూస్ బాణీతో మేళవించారు. 2021లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

ఏది మార్చాలో, దేనిని ముట్టరాదో ఈ కళాకారులు తమ సమాజంలో ఉండి నిర్ణయించుకున్నారు. మన కళాశాలల వార్షికోత్సవాలలో గిరిజన నృత్యాలు తరచు ప్రదర్శిస్తుంటాము. అద్దెకు తెచ్చిన ఈకలు తలకు చుట్టుకొనే ముందు, ఆ పాట ఏ జాతివారిదో, ఏ సందర్భంలో పాడుతారో తెలుసుకోవడం, వీలైతే వారినే పిలిచి నేర్చుకోవడం మన విద్యార్థులకు అసాధ్యమేమీ కాదు. వేదికపై ఆ ఊరి పేరు, నేర్పిన గురువు పేరు ప్రకటిస్తే ఆ గౌరవానికి తొలి అడుగు పడినట్లే.