జేబుచాకు: సొగసును సౌకర్యమును



నేడు మీతో ముచ్చటింప బూనిన విషయము మిక్కిలి చిన్నది. రొంటిని దోపుకొన్నను, చొక్కాజేబున వేసికొన్నను పైకి కానరానిది. అది మడతచాకు. ఇంతమాత్రపు వస్తువునకు ప్రసంగ మేల యని మీలో కొందఱకు తోపవచ్చును. కాని మన యింటి పిల్లలు నేడు సంతలనుండియు పట్టణపు టంగళ్ళనుండియు తెచ్చుచున్న క్రొత్తరకపు చాకులను జూచి పెద్దలు రెండువిధములుగ మాటలాడుచున్నారు. కొందఱు “ఇవి తగవులమారుల పనిముట్లు, ఇంట నుంచరాదు” అందురు. మఱికొందఱు “ఇవి ఆటబొమ్మలు, రెండునాళ్ళలో విఱిగిపోవును” అందురు. నేను చాలకాలము ఈ రెండు మాటలును అన్నవాడనే. నా యభిప్రాయ మేల మాఱినదో, ఎంతవఱకు మాఱినదో విన్నవించెదను.

మా తండ్రిగారి కాలపు చాకొకటి నాయొద్ద కలదు. కొమ్ముపిడి, నాలుగంగుళములకు మించని అలుగు. బడిలో పలకపుల్లలు చెక్కుటకును, ఇంట వేపపుల్ల కోయుటకును, వక్కలు చీల్చుటకును ముప్పదియేండ్లు నాకదియే తోడు. దానిని మించినది లేదని నా నమ్మకము. మా తమ్ముని కుమారుడు పులివెందుల ప్రాంతపు చీనీతోటలలో అంటుకట్టు పని చేయుచుండును. అతడొకనాడు కమాను బలమున తెఱచుకొను చాకును తెచ్చి చూపగా “దీనిని పెన్నలో పాఱవేయుము” అని కసరితిని.

మూడుదినములు తిరుగకమునుపే ఆ మాటకు సిగ్గుపడవలసి వచ్చినది. చెన్నూరి చెంత నేటిగట్టున మేయుచున్న మా పెయ్య మెడపలుపు తుమ్మమోటునకు చుట్టుకొన్నది. అది బెదరి గుంజుకొన్నకొలది త్రాడు బిగిసి నాలుక వెలికి వచ్చినది. నేను ఎడమచేత దాని మోరను ఎత్తిపట్టి కుడిచేత చాకును తీసితిని. తీసితినే గాని తెఱచు టెట్లు? అలుగుమీది గాడిలో గోరు దూర్చి లాగుటకు రెండవచేయి కావలెను. చేయి విడిచితినా పెయ్య కూలును. పండ్లతో పట్టి లాగబోతిని. అది అరువదేండ్ల పండ్లకు లొంగు పని కాదు. ఇంతలో తమ్ముని కొడుకు పరుగున వచ్చి, ఒకచేత కొమ్ము పట్టుకొని, రెండవచేతి బొటనవ్రేలితో తన చాకును కదల్చినంతనే అది టక్కున తెఱచుకొన్నది. రెండుకోతలలో పలుపు తెగినది. పెయ్య బ్రతికినది. అతడు నన్నొక మాటయు ననలేదు. ఆ మౌనమే నాకు పాఠమైనది.

ఆనాటినుండి ఈ వస్తువును గూర్చి విచారింప మొదలిడితిని. మడతకత్తి నేటి వింత గాదు. ఆస్ట్రియాదేశమున హాల్‌స్టాట్ అనుచోట దొరకిన యెముకపిడి మడతకత్తి సుమారు 2,500 ఏండ్లనాటిది. రోమకుల కాలమున, క్రీస్తుశకము మూడవ శతాబ్దమునకు చెందినదిగా ఎన్నబడు వెండి పనిముట్టొకటి కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియమ్ ప్రదర్శనశాలయందున్నది. దానియందు చెంచా, ముల్లుచెంచా, కత్తి మున్నగునవి యొక్కపిడిలో మడిగియుండును. స్విట్జర్లాండు దేశీయుడు కార్ల్ ఎల్స్‌నరు 1897 లో తన ప్రసిద్ధమైన పలుపనుల చాకునకు హక్కుపత్రము పొందెను. ఒకే కమానుపట్టీకి రెండువైపుల పనిముట్లను అమర్చుట అతని నేర్పు.

మన దక్షిణదేశమునను ఇట్టి యూహ లేకపోలేదు. తాటియాకుపై వ్రాయు కాలమున వ్రాయసకానికి గంటము కావలెను. ఆకు అంచులు కత్తిరించుటకు కత్తి కావలెను. ఈ రెంటిని ఒకేపిడిలో మడచి రొంటిని దోపుకొనుట తమిళదేశమున వాడుక. వారు దానిని ‘మడక్కెళుత్తాణి’ అనిరి, అనగా మడత గంటమని యర్థము. 1820 లో కడపకు ఉద్యోగియై వచ్చి మన తాళపత్రములను ప్రోగుచేయించిన బ్రౌనుదొర పేరు మీరెఱుగుదురు. ఆయన కూడబెట్టిన గ్రంథరాశి వెనుక పేరెఱుగని యెందఱి గంటములో, కత్తులో శ్రమించినవి గదా!

ఇక చాకులలోని భేదములను తెలిసికొందము. తెఱచిన యలుగు ఎట్లు నిలుచునను ప్రశ్నయే అన్నిటికిని మూలము.

మొదటిరకము కేవలము రాపిడిచే నిలుచునది. ఒక చీల, రెండు చెక్కలు, వానినడుమ అలుగు. జపానుదేశపు హిగోనొకామి యిట్టిది. చౌకయైనది, చెడుటకు దీనిలో నేమియు లేదు. రెండవరకమున పిడివెన్నునందొక ఉక్కుపట్టీ యుండి అలుగు మొదలును అదుముచుండును. తెఱచినపుడును మూసినపుడును అలుగు తనచోట కుదురుకొనును. మా తండ్రిగారి చాకిట్టిదే. కాని యిది తాళము కాదు. ఒత్తిడి హెచ్చిన ముడుచుకొనును. మూడవరకమున నిజమైన తాళ ముండును. ఫ్రాన్సుదేశపు సవాయి ప్రాంతమున 1890 లో జోసెఫ్ ఒపినెల్ రూపొందించిన కఱ్ఱపిడి చాకునకు 1955 లో త్రిప్పుడుకట్టు చేర్చిరి. దానిని త్రిప్పిన అలుగు ముడువబడదు. మఱికొన్నిటికి పిడివెన్నున మీటయో, పిడిలోపల ప్రక్కకు జరుగు రేకో తాళమగును.

నాలుగవది, నేటి పిల్లలను మురిపించునది, కమాను సాయముతో తెఱచుకొనునది. దీనిలో రెండు తెగలున్నవి. ఈ భేదమును పెద్దలు తప్పక గుర్తింపవలెను. మీట నొక్కుచాకులో కమాను సదా అలుగును వెలికి త్రోయుచుండును. మీట దానిని ఆపియుంచును. మీట నొక్కినంతనే అలుగు తనంతట వెలువడును. సాయపు కమాను చాకులో అట్లు గాదు. మూసియున్నపుడు అలుగు మూతవైపే మ్రొగ్గును. వ్రేలితో అలుగునే కొంతదూరము కదల్చిన తరువాతనే కమాను అందుకొని తక్కినదానిని తెఱచును. మొదటిది వాకిటి గడియ తీసినంతనే ఉఱికివచ్చు కోడెవంటిది. రెండవది గాటినుండి నడిపింప మొదలిడినగాని కదలని యెద్దువంటిది. అమెరికాదేశమున మీటచాకులపై 1958 లో శాసనము చేసిరి. సాయపు కమాను చాకులు ఆ శాసనమునకు లోబడవని 2009 లో స్పష్టపఱచిరి. ఈ సాయపు కమానును కెన్ ఆనియన్ అను చాకుల రూపకర్త 1998 ప్రాంతమున వ్యాప్తికి తెచ్చెను.

దీని సొగసు దేనియందున్నది? ఒకటి, ఒంటిచేతి సౌకర్యము. సేద్యగానికి రెండవచేయి ఎన్నడును ఖాళీగ నుండదు; అది పగ్గమునో, కొమ్మనో, పశువునో పట్టియుండును. రెండు, కుదురైన యంత్రమును చూచిన మనస్సునకు గలుగు ముచ్చట. ఆ ‘టక్కు’ ధ్వనిని వినుటకే బాలురు పదిమాఱులు తెఱచి మూయుదురు. ముచ్చట తప్పుగాదు. మన పెద్దలు అడకత్తెరకు చిలుకలను, హంసలను చెక్కించుకొనలేదా? కాని ఆ ముచ్చటయే ప్రదర్శనమైన చోట కీడు మొదలగును. ఉత్తరదేశపు రాంపురిచాకు చలనచిత్రములలో బెదిరింపునకు గుఱుతై, చేసినవారి పనితనముకంటె చెడ్డపేరే లోకమున వ్యాపించినది. మన సీమయందు కత్తికి అట్టి పేరు తెచ్చుట మఱింత తగదు. కక్షల వలన ఎన్ని కుటుంబములు కూలినవో మీకు నేను చెప్పవలెనా?

శాసనమును గూర్చి రెండుమాటలు. 1959 నాటి ఆయుధ శాసనము ననుసరించి చేసిన నియమముల పట్టికలో 9 అంగుళములకు మించిన పొడవో, 2 అంగుళములకు మించిన వెడల్పో గల అలుగుతో నుండు కత్తులు ఆయుధములలో చేరును. ఇల్లు, సేద్యము, పరిశ్రమ మున్నగు పనులకై చేసినవానికి మినహాయింపు కలదు. ఢిల్లీలో 1980 లో వెలువడిన ప్రకటన మీటచాకుల విషయమున ఇంకను చిన్న కొలతలనే నిర్ణయించినది. కావున మీట నొక్కుచాకు మనకు వలదు. తిరునాళ్ళకును, ఎన్నికల సమయమున గుంపులలోనికిని ఏ చాకును గొనిపోరాదు. పనికై కొన్నది పనిచోటనే యుండవలెను.

ఇక అపాయము. నేను ఉపాధ్యాయుడుగ నున్నపుడొక బాలుడు తాళము లేని చాకుమొనతో వెలగకాయకు తూటు పెట్టబోయెను. మొన దిగబడక అలుగు వెనుకకు ముడుచుకొని అతని చూపుడువ్రేలి నరమును తెంచినది. గాయము మానినది గాని ఆ వ్రేలు నేటికిని వంగదు. పరీక్షలలో కలమును బొటనవ్రేలికి నడిమివ్రేలికి నడుమ నిఱికించుకొని వ్రాయుచుండగా చూచి నాకు కన్ను చెమర్చెడిది. తప్పు ఆ బాలునిది కాదు. తాళములేని చాకుతో కోయవచ్చును గాని గ్రుచ్చరాదని ముందుగ చెప్పని మా పెద్దలది. ఈ యొక్కమాట నేడు మీ యిండ్లలో చెప్పుదురేని నా ప్రసంగము సఫలము.

చీనీతోటల పెద్దలకు మఱియొక మాట. కన్ను అంటుకట్టుటకు వాడు మడతకత్తికి అలుగు తిన్ననిదై, సన్నని పదును గలదై యుండవలెను. పిడి చివరనో, అలుగువెన్నుననో బెరడు లేపుటకు మొండి నాలుక యుండును. నాటుమొక్క బెరడుపై కఱ్ఱకు తగులునంత లోతుగ అడ్డముగ నొకగాటు, నిలువుగ నొకగాటు పెట్టి, నాలుకతో బెరడు లేపి, కన్నును దూర్చి కట్టుదురు. పదును మొండియైన బెరడు నలిగి కన్ను ఎండును. అంతకంటె ముఖ్యమైనది శుభ్రత. చీనీ, నిమ్మ జాతులకు సోకు ‘ఎక్సోకార్టిస్’ అను తెగులు కత్తిఅంచున అంటిన రసముచేతనే ఒకచెట్టునుండి వేఱొకచెట్టునకు ప్రాకును. నిప్పుసెగ చూపినను పోదు. బట్టల తెలుపుమందు కలిపిన నీట ముంచి, పిమ్మట మంచినీట కడిగి తుడువవలెను. తుడువనిచో ఆ మందే ఉక్కును తినును. ఒక్క మైలకత్తి తోటనంతయు చెఱచగలదు. ఈ పనికి కమాను గల చాకు తగదు. తడి, జిగురు కమానుగూటిలో చేరి పట్టివేయును. మా తమ్ముని కుమారుడును అంటునకు వేఱుకత్తి, త్రాళ్ళకు వేఱుచాకు ఉంచుకొనును.

చాకు కొనునపుడు పరీక్షింపవలసిన వివి. తెఱచి అలుగును ప్రక్కలకు కదల్పుడు, అలుగు ఊగరాదు. తాళము గలదైన, వ్రేళ్ళను దారికి దూరముగ నుంచి అలుగు వెన్నును చెక్కపై మెల్లగ తట్టుడు. ముడుచుకొన్నచో తిరిగి యిచ్చివేయుడు. మూసి తలక్రిందుగ విదల్పుడు. అలుగు వెలికి రారాదు. జేబున తెఱచుకొను చాకు శత్రువుకంటె కీడు చేయును. ఇంట మూలచీలకు వేరుసెనగనూనె పూయకుడు. అది కొన్నాళ్ళకు బంకయై దుమ్మును పట్టును. కుట్టుమిషను నూనె యొక్కబొట్టు చాలును. మొండిచాకునకు బలము హెచ్చుగ పెట్టవలెను. బలము హెచ్చినచోటనే చేయి జాఱును. కావున సానరాతి నలక్ష్యము చేయకుడు.

మా తండ్రిగారి చాకు నేటికిని నా జేబున నున్నది. వక్కకును, వేపపుల్లకును అదియే. పశువులయొద్దకు పోవునపుడు మాత్రము రెండవజేబున తమ్ముని కుమారు డిచ్చిన సాయపు కమాను చాకును వేసికొందును. పెన్నలో పాఱవేయుమన్న చాకును గూర్చి “అబ్బాయీ, అటువంటిది నాకు నొకటి తెచ్చిపెట్టుము” అని నేనే యడిగితిని. పిల్లలు తెచ్చిన క్రొత్తవస్తువును చూచినంతనే కసరకుడు. ఒకమాఱు చేత పట్టి, తెఱచి, మూసి, దాని పనియేమో, కీడేమో విచారింపుడు. పిమ్మట వలదన్నను వారు విందురు. వాడుమన్నను జాగ్రత్తతో వాడుదురు.