నడుము శస్త్రచికిత్సయు నొప్పి నివారణమును

మన జనగామ ప్రాంతమునందు తాటిచెట్లు విస్తారము. చెట్టెక్కి కల్లు గీయువారు జారిపడి వెన్నుపూస విరుగగొట్టుకొనుట మన గ్రామములలో వినని విషయము కాదు. బరువులు మోసి మోసి, పూసల నడుమనుండు మెత్తని బిళ్ల జరిగి నరమును నొక్కుటచే కాలు లాగి బాధపడువారును కలరు. ఇట్టివారిలో కొందరికి శస్త్రచికిత్స తప్పదు. “కోయునప్పుడు మత్తిత్తురు సరే, మెలకువ వచ్చిన పిమ్మట ఆ బాధ నెట్లు తాళుదును?” అని భయపడి వైద్యుని యొద్దకు పోక యాలస్యము చేయువారు కలరు. కావున ఆ బాధను నేటి వైద్యులెట్లు అడ్డగించుచున్నారో విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపదలచితిమి.

మత్తుమందు చరిత్రలో మన హైదరాబాదునకు గౌరవస్థానము కలదు. 1888, 1889 సంవత్సరములలో, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పాలనమున, ఎడ్వర్డ్ లారీ యను వైద్యుని ఆధ్వర్యమున క్లోరోఫారమును గూర్చి రెండు పరిశోధక సంఘములు అచ్చట పనిచేసెను. రెండవదానికై లండను నుండి లాడర్ బ్రంటన్ అను వైద్యుడు వచ్చెను. మత్తునందున్న రోగి ఊపిరిని విడువక కనిపెట్టవలెనని లారీ బోధించెను. క్లోరోఫారముచే గుండెకు నేరుగా అపాయము లేదని ఆయన చెప్పినది సరికాదని 1911లో గుడ్మన్ లెవీ పరిశోధనలు తేల్చినవి. అయినను ఊపిరిని కనిపెట్టవలెనను నియమము నేటికిని నిలిచియున్నది. ఆ కాలముననే రూపాబాయి ఫర్దూన్‌జీ అను వనిత హైదరాబాదున క్లోరోఫారము నిచ్చు వైద్యురాలై పేరు గాంచెను.

అయితే క్లోరోఫారము మనుష్యుని మొత్తముగా నిద్రపుచ్చును. నిద్ర తీరగానే గాయపు బాధయు మేల్కొనును. కోసిన భాగమును మాత్రమే మొద్దుబార్చరాదా యను ప్రశ్న దీనినుండి పుట్టినది. 1884లో కార్ల్ కోలర్ కొకేను చుక్కలతో కంటిని మాత్రము మొద్దుబార్చి చూపెను. 1898లో జర్మనీ దేశమున ఆగస్ట్ బీర్ వెన్నులోనికి సూదిమందిచ్చి నడుము క్రింది భాగమును మొద్దుబార్చెను. విషగుణము గల కొకేనునకు బదులుగా లిగ్నోకేయిన్, బుపివకేయిన్ మొదలగు మందులు తరువాత వచ్చినవి.

నొప్పి యనునది గాయమునుండి నరముల మార్గమున మెదడునకు పోవు వార్త. చెరువునుండి పోవు పిల్లకాలువకు అడ్డుకట్ట వేసినచో ఆ ఒక్క మడికే నీరు ఆగును గాని చెరువునకు లోటు రాదు. ఈ సూదిమందు పనియు నట్టిదే. 2016లో ఫొరెరో మొదలగు వైద్యులు ఛాతినొప్పికై వెల్లడించిన యొక పద్ధతిని ఇప్పుడు నడుము శస్త్రచికిత్సకును వాడుచున్నారు. మత్తువైద్యుడు అల్ట్రాసౌండు యంత్రపు తెరపై ఎముకను, కండను చూచుచు, వెన్నునకు ఇరుప్రక్కల నిలువుగా నున్న కండ క్రిందికి సూదిని పోనిచ్చి మందును విడుచును. అది కండకును ఎముకకును నడుమ వ్యాపించి వీపు నరములను మొద్దుబార్చును. కాళ్లను కదల్చు నరములు చాలవరకు అట్లే పనిచేయును గనుక, రోగి పాదమును కదల్చగలుగుచున్నాడా యని శస్త్రవైద్యుడు వెంటనే పరీక్షింపవచ్చును.

ఇది సుఖము కొరకు మాత్రమే కాదు. నొప్పికి వెరచి కదలక పడియున్నవాడు గట్టిగా ఊపిరి తీయడు, దగ్గడు. ఊపిరితిత్తులలో కఫము చేరును, కాళ్లలో రక్తము గడ్డకట్టవచ్చును. నల్లమందు జాతి మందులు ఎక్కువైనచో వాంతులు, మలబద్ధకము, మగత కలుగును, ఊపిరియు మందగింపవచ్చును. ఈ సూదిమందు వాని యవసరమును తగ్గించును. దీని ప్రభావము కొన్ని గంటలు మాత్రమే యుండును. నొప్పిని పూర్తిగా తుడిచివేయదు. మిగిలినదానికి మాత్రలు తోడుగా నిత్తురు.

జాగ్రత్తలును కలవు. రక్తము పలుచబడుటకు మందులు వాడువారును, మునుపు ఏదేని మందు పడనివారును ముందుగనే వైద్యునకు చెప్పవలెను. సూది వేసిన పిమ్మట పెదవుల చుట్టు తిమ్మిరి, చెవులలో హోరు తోచినను, శస్త్రచికిత్స తరువాత కాలు చచ్చుబడినను, మూత్రము బిగిసినను క్షణమైన ఆలస్యము చేయక తెలుపవలెను. సూదిమందే కారణమని యెంచి ఊరకుండరాదు.

వెన్నున సూది వేసినచో జన్మమంతయు నడుము నొప్పి తప్పదని కొందరు తల్లులు చెప్పుకొందురు. సూది వేసినచోట కొన్నిదినములు నొప్పి యుండవచ్చును గాని, దీర్ఘకాలపు నడుము నొప్పికి అది కారణమని పరిశోధనలలో తేలలేదు.

విద్యార్థులారా, మీ యింట పెద్దలకు దీనిని చదివి వినిపింపుడు. పండ్లు బిగించి నొప్పిని దాచుకొనుట ధైర్యమని మనవారి తలంపు. శస్త్రచికిత్సకు ముందే “నా నొప్పి నెట్లు తగ్గింతురు?” అని వైద్యుని అడుగుటయు, పిమ్మట నొప్పి యెంత యున్నదో దాచక చెప్పుటయు రోగికి తగిన పని. అట్లు చెప్పినవాడు త్వరగా లేచి నడచును. నడచినవాడు త్వరగా ఇల్లు చేరును.