పంపు మారింది... పని మిగిలింది!

'కారు నడపడం వచ్చు గానీ బోనెట్ ఎత్తితే మాత్రం అంతా అయోమయం' అని మనలో చాలామందిమి నవ్వుతూ చెప్పుకుంటాం. పోయినేడు మే నెల దాకా నేనూ అలాగే చెప్పుకునేదాన్ని.

మాది చిట్యాల. అమ్మకి కంటి ఆపరేషన్ కోసం పరీక్షలు చేయించి హైదరాబాద్ నుంచి తిరిగొస్తున్నాను. ఎల్లుండి పొద్దున ఏడింటికల్లా మళ్లీ ఆస్పత్రిలో ఉండాలి. చౌటుప్పల్ దాటాక చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దగ్గరుంది. బోనెట్ సందుల్లోంచి ఆవిరి! ఏసీ కట్టేసి, పక్కకు తీసి ఇంజను ఆపాను. "ఆ బాటిల్ నీళ్లు పొయ్యరాదే" అంది అమ్మ. ప్రెషర్ మీదున్న కుక్కర్ మూత తీస్తామా? రేడియేటర్ మూతా అంతే. తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. చల్లారేదాకా ముట్టుకోకూడదు. అలాగే నడుపుకుంటూ పోదామన్న ఆశా పనికిరాదు. వేడికి ఇంజను హెడ్డు వంగిందంటే ఖర్చు ఎన్నో రెట్లవుతుంది.

క్రేన్ పెట్టి చిట్యాలలో షెడ్డుకు చేర్చాం. "వాటర్ పంపు పోయింది మేడమ్, గిటు చూడుండ్రి" అని మెకానిక్ చూపించాడు. పంపు ఒంటికే చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్లు అందులోంచి కారతాయి. అక్కడ తెల్లటి చార కట్టి ఉంది. అంటే అది ఆ రోజు మొదలైన కారుడు కాదు, ఎప్పటినుంచో ఉన్నదే. తప్పు నాదే. నీళ్లు తగ్గినప్పుడల్లా ఇంట్లో బోరు నీళ్లే పోసేదాన్ని. మా నల్లగొండ నీళ్ల సంగతి వేరే చెప్పాలా! అన్నం గిన్నెకు పట్టినట్టే రేడియేటర్‌కీ గార పడుతుంది. ఆ రేణువులే సీలును కొరికేస్తాయి. కారు పుస్తకంలో చెప్పిన కూలెంటే పోయాలి, కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపాలి. అన్నట్టు, కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకీ కుక్కలకీ అందనివ్వకండి.

మర్నాడు సాయంత్రానికి కొత్త పంపు బిగించారు. కొన్ని కార్లలో పంపు టైమింగ్ బెల్టు వెనక ఉంటుంది. అలాంటప్పుడు బెల్టూ అదే చేత్తో మార్పించుకోవడం మేలు, లేకపోతే మళ్లీ అంతా విప్పించాలి. మాది బయటి బెల్టుతో తిరిగేదే.

"అయిపోయింది, తీస్కపోండ్రి" అన్నాడు. నేను తీసుకుపోలేదు. ఇంజను స్టార్ట్ చేసి, లోపలి గాలి బుడగలు పోయేదాకా ఉంచమన్నాను. గాలి చిక్కుకుంటే ముల్లు ఉన్నట్టుండి పైకి లేస్తుంది, హీటర్ వేస్తే చల్లగాలి వస్తుంది. రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరిగేదాకా చూశాను. ఆయిల్ పుల్ల కూడా తీసి చూశాను. ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే హెడ్డు ప్యాకింగ్ పోయి అందులో నీళ్లు కలిశాయేమోనని అనుమానించాలి. అదృష్టం, మామూలుగానే ఉంది. "మేడమ్‌కు నమ్మకం లేదు" అని షెడ్డులో ఎవరో అన్నారు. అననీ!

నార్కట్‌పల్లి దాకా వెళ్లొచ్చాం. ముల్లు సగంలోనే నిలబడింది. పంపు దగ్గర గరగర చప్పుడు లేదు. ఇక నిశ్చింతే అనుకున్నాను గానీ, రాత్రి కారు కింద పాత అట్టముక్క ఒకటి పరిచి పడుకున్నాను.

తెల్లవారుజామున టార్చి వేసి చూస్తే అట్ట మీద రూపాయి బిళ్లంత తడి. డబ్బాలో కూలెంట్ కూడా గీత కిందికి దిగింది. 'గింతే కదా, నింపుకుని పోదాం' అని మనసు పీకింది. అయితే పక్క సీట్లో అమ్మ ఉంటుంది. సాయంత్రం కంటికి కట్టుతో తీసుకురావాలి. ఎండలో, హైవే మీద మళ్లీ ఆగిపోతే? సంచీ పట్టుకుని ఇద్దరం బస్టాండుకు నడిచాం. ఆర్టీసీ బస్సు టైముకే చేర్చింది. ఆపరేషనూ బాగా జరిగింది.

తిరిగొచ్చాక మెకానిక్ మొదట విసుక్కున్నాడు. చూస్తే హోస్ పైపు క్లిప్పు వదులుగా ఉంది. స్క్రూడ్రైవర్‌తో నాలుగు తిప్పులు, అంతే. డబ్బులు తీసుకోలేదు. ఆ తర్వాత వారం రోజులు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే, డబ్బాలో గీత చూసుకున్నాను. మళ్లీ తగ్గలేదు.

ఆ అట్టముక్క ఇంకా కారు కిందే ఉంది. ఊరికి బయల్దేరేటప్పుడల్లా, ఇప్పుడు చక్కగా కనపడుతున్న కళ్లతో అమ్మే ముందు వంగి చూస్తుంది.