బెజవాడ కూడలి

మా పుల్లలచెరువులో రైలుకూత వినబడదు. రైలెక్కదలచినవారు ముందుగా బస్సులో మార్కాపురము రోడ్డు వంటి స్టేషనుకు చేరవలెను. అయినను మా బాల్యమున బెజవాడ యనగా పట్టణముకన్న ముందు స్టేషనే తలపునకు వచ్చెడిది. వానలు తప్పిన యేట మూటాముల్లె సర్దుకొని డెల్టా కోతలకు పోయినవారు తిరిగివచ్చి చెప్పెడి మొదటి కథ దానిని గూర్చియే.

ఆ స్టేషను ఒక్కనాట పెరిగినది కాదు. కొండల నడుమ కృష్ణ ఇరుకైన చోట 1855 నాటికి ఆనకట్ట నిలిచినది. కాలువలు, పడవలు, ధాన్యము అచట చేరినవి. 1880ల చివర దక్షిణ మరాఠా రైల్వే మార్గము గుంతకల్లు వైపునుండి నల్లమల దాటి, కంభము, మార్కాపురము ప్రాంతములమీదుగా కృష్ణాతీరమునకు వచ్చినది. 1889లో సికిందరాబాదు మార్గము కలిసినది. 1893లో కృష్ణపై రైలు వంతెన వెలసినది. ఆ దశాబ్దిలోనే ఉత్తరమున కటకము వరకును, 1899లో దక్షిణమున మద్రాసు వరకును దారి యేర్పడెను. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ మార్గము పూర్తియగుటతో ఢిల్లీకి పోవు దారియు సుగమమైనది. ఇట్లు నాలుగు దిక్కులు ఒక ముంగిట కలిసినవి.

అయితే కలిసిన పట్టాలన్నియు ఒక కొలతవి కావు. మన ప్రాంతపు మార్గము వెడల్పు 1000 మిల్లీమీటర్లు. మద్రాసు మార్గము వెడల్పు 1676 మిల్లీమీటర్లు. ఒకదానిపై నడచు పెట్టె మరియొకదానిపై నడవదు. రెండును కలిసిన చోట సరకునంతయు దింపి మరల ఎక్కింపవలసినదే. దేశమంతట పిల్లలు అక్షరములు దిద్దిన మార్కాపురపు పలక అట్టి బదిలీలలో పగులకుండుటకు ఎందరి చేతులు ఎంత జాగ్రత్తపడెనో యోచింపుడు. 1990లలో మన మార్గమును వెడల్పు చేయుటతో ఆ యిక్కట్టు తీరినది.

1980లలో చదువునకై నేను తొలిసారి బెజవాడలో దిగినపుడు మా యూరి పిల్లవాడొకడు నాతో కూడ దిగెను. ఇద్దరము ఒకే తరగతి వారము. నా సంచిలో పుస్తకములుండెను. వాని మూటలో కొడవలి యుండెను. మెట్లవంతెనపై కొంతదూరము కలిసి నడచితిమి. "బడి తెరిచిననాటికి వచ్చెదవా?" యని యడిగితిని. వాడు నవ్వి, "కోతలు కావాలి గదరా" యని జనములో కలిసిపోయెను. తరువాత వాడు బడికి రాలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పటముపై బెజవాడను చూపునపుడు అచటినుండి పోవు దారులను మాత్రమే లెక్కింపింపకుడు. మీ తరగతినుండి ఎవరు ఏ దారిన పోయిరో గూడ అడుగుడు. కోతల కాలమున బడి మానిన బిడ్డ పేరు హాజరుపట్టీనుండి కొట్టివేయక, వాడు తిరిగివచ్చువరకు ఆ చోటు వానికై యుంచుడు.