లాలాజలములో వంశచరిత్ర

అమెరికా, ఐరోపా దేశములలో కొన్ని సంస్థలు కోరినవారి యింటికి ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టమును పంపును. దానిలో లాలాజలము నింపి, మూత బిగించి, తిరిగి తపాలాలో పంపినచో కొన్ని వారములకు జవాబు వచ్చును. నూటికి ఇన్ని పాళ్లు ఐర్లండు, ఇన్ని పాళ్లు ఇటలీ అని అందులో లెక్క వేసియుండును. వెల సుమారు 100 డాలర్లు. అచట స్థిరపడిన తెలుగువారును కొందరు ఈ పరీక్ష చేయించుకొనుచున్నారు. ఈ జవాబులో నమ్మదగినదెంత?

మనుష్యుని డి.ఎన్.ఏ.లో సుమారు 300 కోట్ల అక్షరములున్నవి. ఈ సంస్థలు వానినన్నిటిని చదువవు. మనిషికిని మనిషికిని తరచు భేదించు ఆరేడు లక్షల స్థానములను మాత్రమే చదువును. ఈ చదువుటలో పొరపాట్లు చాల తక్కువ. చిక్కు తరువాతి మెట్టులో వచ్చును. చదివిన అక్షరములపై ఏ దేశము పేరును వ్రాసియుండదు గదా! అందుచేత తాతముత్తాతల కాలమునుండి ఫలానా ప్రాంతమువారమని చెప్పుకొను నేటి మనుష్యుల నమూనాలను సంస్థ ముందుగనే సేకరించి పెట్టుకొనును. వచ్చిన డి.ఎన్.ఏ.ను ముక్కలుగా విభజించి, ఏ ముక్క ఏ గుంపును ఎక్కువ పోలియున్నదో గణించును. అనగా ఆ పాళ్లు నేడు బ్రతికియున్నవారితో పోల్చి వేసిన అంచనాలు. పూర్వికులను ఎవరును పరీక్షింపలేదు. నమూనాల సంఖ్య పెరిగినను, గణించు పద్ధతి మారినను పాళ్లును మారును.

2019లో కెనడా ప్రసార సంస్థయగు సి.బి.సి. వారు ఒకే పిండమునుండి పుట్టిన ఇద్దరు కవల సోదరీమణుల నమూనాలను ఐదు సంస్థలకు పంపిరి. సంస్థకొక తీరుగా జవాబులు వచ్చినవి. ఒకే సంస్థ ఆ యిద్దరికి చెప్పిన లెక్కలలోను తేడాలుండెను. యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మూలపు అక్షరములను పోల్చి చూడగా అవి దాదాపు ఒక్కటే.

సంక్రమణలోని యాదృచ్ఛికత మరొక సంగతి. ప్రతి బిడ్డకు తల్లినుండి సగము, తండ్రినుండి సగము వచ్చును. కాని అది ఏ సగమన్నది బిడ్డబిడ్డకు వేరు. పది తరముల వెనుక ఒక్కొక్కరికి 1024 పూర్వికుల స్థానములు గలవు. వారిలో పెక్కుమంది డి.ఎన్.ఏ. ఒక్క ముక్కయైనను నేటి మనుమనికి చేరియుండదు. కనుక పరీక్షలో కనబడలేదు గావున అట్టి పూర్వికుడే లేడనుట తప్పు.

దక్షిణాఫ్రికాలోని నాటాలుకు 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో అను ఓడ కూలీలతో చేరినది. 1911 వరకు అట్లు భారతదేశమునుండి వెళ్లిన 1,52,184 మందిలో తెలుగువారును ఉన్నారు. వారి సంతతివారొకరు తమ ఊరేదని డి.ఎన్.ఏ.ను అడిగినచో రాగల జవాబు దక్షిణ భారతమనియే. అది వారికి ముందే తెలిసిన సంగతి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అమెరికాలోని హార్వర్డు శాస్త్రజ్ఞులు కలిసి 2013లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, భారతదేశపు జనసమూహములలో దాదాపు అన్నిటిలోను సుమారు 4,200 ఏండ్లకును 1,900 ఏండ్లకును నడుమ విస్తారమైన కలయిక జరిగినది. ఇట్టి డి.ఎన్.ఏ.లో తాలూకా, గ్రామము వెదకుట వ్యర్థము. ఆనాటి ఓడ పట్టికలలోనో, కూలీ పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము వ్రాసిరి. గుమాస్తా వినికిడి పొరపాటున ఊరిపేరు వంకరపోయినను, ఆ కాగితమే లాలాజలముకంటె మేలైన సాక్షి.

అయితే ఈ పరీక్ష చక్కగా చేయు పని యొకటి కలదు: దగ్గరి చుట్టమును గుర్తించుట. తల్లిదండ్రులతోను, తోబుట్టువులతోను సుమారు సగము, పెదతండ్రి పినతండ్రుల పిల్లలతో సుమారు ఎనిమిదవ వంతు డి.ఎన్.ఏ. కలియును. పొడవైన ముక్కలు కలిసినచో సందేహమునకు తావుండదు. దత్తతకు పోయిన బిడ్డలు కన్నవారిని ఇట్లే కనుగొన్నారు. అవతలివారును పరీక్ష చేయించుకొనియుండవలెను, అంతే. మేనరికములు తరతరములుగా సాగిన కుటుంబములలో మాత్రము జాగ్రత్త వహింపవలెను. ఒకే ముక్క పలు దారుల వెంట వచ్చుటచే దూరపు చుట్టము దగ్గరివాడుగా కనబడును.

ఈ చుట్టరికములోనే కీడును ఉన్నది. దశాబ్దముల తరబడి దొరకని ఒక హంతకుని 2018లో కాలిఫోర్నియా పోలీసులు, అతని దూరపు బంధువులు ఉంచిన డి.ఎన్.ఏ. వివరముల ఆధారముననే పట్టుకొనిరి. అది మంచికే జరిగినది. 2023లో ట్వంటీత్రీఅండ్‌మీ సంస్థలో దొంగలు సుమారు 14,000 ఖాతాలలో మాత్రమే చొరబడిరి. కాని బంధువులను చూపు సౌకర్యముండుటచే దాదాపు 69 లక్షలమంది వివరములు వారి చేజిక్కినవి. ఆ సంస్థయే 2025 మార్చిలో దివాలా దరఖాస్తు పెట్టుకొనగా, కోటిన్నర ఖాతాదారుల సమాచారము అమ్మకమునకు వచ్చినది. దానిని స్థాపకులలో ఒకరగు ఆన్ వోజిస్కీ నడపు లాభాపేక్షలేని సంస్థ అదే సంవత్సరము కొన్నది. తన వివరములను తొలగింపుమని కోరుటకు ఖాతాదారునికి వీలున్నది. కాని అతని సోదరి అట్లు కోరజాలదు. ఆమె ఏనాడును గొట్టములో ఉమ్మియుండకపోయినను, ఆమె డి.ఎన్.ఏ.లో సుమారు సగము అన్నగారి ఖాతాలోనే యుండును.